కాలిబాట, సైకిలు బాట

మంజీరా తీరమందలి మా బోరంచనుండి నారాయణఖేడు దిక్కునకు సైకిలుపై పోవు రైతు, వెనుక లారీ హారను వినబడినంతనే తారు అంచు విడిచి కంకరలోనికి దిగి, హ్యాండిలుకు వ్రేలాడు పాలక్యాను ఒరగకుండ ఒక కాలు నేలపై ఊని నిలుచుటను నేను పలుమారులు చూచితిని. అతడే నగరమునకు వచ్చినచో ఆ కంకర అంచైనను దొరకదు. అంగడి సామానులును, నిలిపిన మోటారు సైకిళ్ళును దానిని ఆక్రమించియుండును.

2020లో కేంద్రప్రభుత్వము సైకిలుకు అనుకూలమగు వీథులను ప్రయోగాత్మకముగా తీర్చుటకై నగరములకు పోటీ పెట్టగా, మరుసటి యేట పురస్కారమునకు ఎంపికయైన 11 నగరములలో మన వరంగల్లు ఒకటి యగుట సంతోషదాయకము. హైదరాబాదు బాహ్యవలయ రహదారి వెంట 2023లో ప్రారంభమైన 23 కిలోమీటర్ల సైకిలు మార్గమును, సౌరఫలకముల నీడలో, మన సంగారెడ్డి జిల్లాయందలి కొల్లూరువరకు వచ్చినది. అది ప్రశస్తమే, అయినను వ్యాయామమునకు పోవువానికంటె పనికి పోవువానికే బాట ముందుగా కావలెనని నా అభిప్రాయము.

భారత రోడ్ల కాంగ్రెసు 2012 నాటి మార్గదర్శకములలో కాలిబాటకు కనీసము 1.8 మీటర్ల నిరాటంకమగు వెడల్పును, 150 మిల్లీమీటర్లకు మించని గట్టు ఎత్తును నిర్దేశించినది. ఈ ఎత్తు సంగతి స్వల్పముగ తోచును గాని, మోకాలెత్తు గట్టు ఎక్కలేక, చేతికఱ్ఱ పొడుచుకొనుచు వాహనముల నడుమనే నడచు ముసలమ్మను చూచినవారికి దాని విలువ తెలియును. సైకిలు బాటకు తెల్లగీత చాలదు. ఆ గీతపై కారు నిలువకుండ నడుమ రాతిగట్టు వలయును, కూడలియందు దాటుటకు సిగ్నలు వ్యవధి వలయును. పని మొదట బడుల యెదుటి వీథులలో ఆరంభింపవలెను.