తిండి తరిగిన వేళ పుట్టే మందు

(యల్లాప్రగడ సుబ్బారావు స్మృతిలో నిజామాబాద్‌లో చేసిన ప్రసంగ పాఠం)



సుబ్బారావు గారిని తలుచుకునేటప్పుడు ముందుగా ఒక విషయం సరిచేసుకోవాలి. ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ మందును ఆయనే కనిపెట్టారని మనలో చాలామంది అభిమానంతో చెప్పుకుంటారు. దాన్ని తయారుచేసే సూక్ష్మజీవిని మట్టిలోంచి పట్టుకున్నది బెంజమిన్ డగ్గర్. న్యూయార్క్ రాష్ట్రం పెర్ల్ రివర్‌లోని లెడర్లే ప్రయోగశాలల్లో ఆ పరిశోధన అంతటికీ పెద్దదిక్కు, భీమవరంలో 1895లో పుట్టిన మన సుబ్బారావు. డగ్గర్ వృక్షశాస్త్రజ్ఞుడు. విశ్వవిద్యాలయంలో ఉద్యోగ విరమణ చేసి, డెబ్బై దాటాక లెడర్లేలో చేరారు. ఆ వయసు మనిషిని నమ్మి, పనీ తీరికా ఇచ్చి, అడ్డుపడకుండా ఉండటం చిన్న సంగతి కాదు. సుబ్బారావు గారికి చెందాల్సిన గౌరవం అక్కడ ఉంది. లేనిది అంటగడితే ఆయన ఎత్తు పెరగదు.

డగ్గర్ ఊరూరా ఉన్న పరిచయస్తులకు రాసి మట్టి తెప్పించుకున్నారు. మిస్సోరీ విశ్వవిద్యాలయం నుంచి విలియం ఆల్బ్రెక్ట్ పంపిన మట్టిలో ఒక నమూనా శాన్‌బోర్న్ క్షేత్రంలోని 23వ మడిది. 1888 నుంచి ఎరువు వేయకుండా ఒకే రకం పశుగ్రాసం పండిస్తూ వచ్చిన మడి అది. ఏ-377 అని గుర్తు పెట్టిన బంగారు రంగు సూక్ష్మజీవి అందులోంచే వచ్చింది. స్ట్రెప్టోమైసిస్ ఆరియోఫేసియన్స్ అని దానికి పేరు పెట్టారు. 1948 జులై 21న న్యూయార్క్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ సభలో మందు సంగతి ప్రకటించారు. ఆగస్టులో సుబ్బారావు కన్నుమూశారు. అప్పటికాయనకు 53 ఏళ్లు.

స్ట్రెప్టోమైసిస్ జాతి ఇచ్చిన మందుల వరుసలో మొదటి పెద్ద మందు అంతకు ముందే వచ్చింది. 1943లో రట్గర్స్‌లో సెల్మన్ వాక్స్‌మన్ దగ్గర చదువుకుంటున్న ఆల్బర్ట్ షాట్జ్ స్ట్రెప్టోమైసిన్‌ను బయటపెట్టారు. క్షయకు మందు దొరికింది. ఇక కంపెనీలన్నీ మట్టి మీద పడ్డాయి. మట్టి తెచ్చి, పళ్లెంలో పెంచి, మందు ఉంటే ఉంచుకోవడం, లేకపోతే పారేయడం. ఆ వేటను నేను తక్కువ చేయను, మన ఇళ్లలో ఎందరో దాని వల్లే బతికారు. కానీ ఆ మందు చేస్తున్న జీవి ఎలా పుడుతుంది, ఎలా పెరుగుతుంది, ఎప్పుడు మందు చేస్తుంది, ఎందుకు చేస్తుంది అన్నవి చాలాకాలం కొద్దిమందికే పట్టాయి. నేను ఇవాళ వాళ్ల గురించే ఎక్కువ చెబుతాను.

స్ట్రెప్టోమైసిస్ బాక్టీరియానే. బతికే తీరు మాత్రం బూజులా ఉంటుంది. సిద్ధబీజం మట్టిలో తడి తగిలితే మొలకెత్తుతుంది. మొలక సన్నటి తంతువై సాగి, కొమ్మలు వేసి, కుళ్లుతున్న ఆకుల్లోకీ వేళ్లలోకీ చొచ్చుకుపోతుంది. అప్పుడది తినడమే పనిగా పెట్టుకుంటుంది. తిండి తగ్గినప్పుడు జీవితం మలుపు తిరుగుతుంది. కింది తంతువుల్లో కొన్ని కరిగిపోతాయి. ఆ కరిగిన సారంతో కొత్త తంతువులు గాలిలోకి లేస్తాయి. పళ్లెం మీద తెల్లటి నూగులా కనిపించేవి అవే. తర్వాత వాటి మధ్య అడ్డుగోడలు పడి, ఒక్కో గది ఒక్కో సిద్ధబీజమవుతుంది. తొలకరికి లేచే మట్టివాసనలో ఎక్కువ భాగం ఈ జీవులు విడిచే జియోస్మిన్ అనే పదార్థానిదే. నేలలో గంతులేసే స్ప్రింగ్‌టెయిల్ పురుగులు ఆ వాసనకు వచ్చి సిద్ధబీజాలను మోసుకుపోతాయని 2020లో వెలువడిన పరిశోధన చూపింది.

మందు పుట్టేది సాధారణంగా ఆ మలుపు దగ్గరే. తన ఒళ్లు కరిగించి పిల్లల కోసం దాచిన సారాన్ని పక్కనున్న బాక్టీరియా ఎగరేసుకుపోకుండా కాచుకోవడానికే ఈ విషమని శాస్త్రజ్ఞుల్లో బలమైన ఊహ ఒకటుంది. నాకు అది నమ్మదగినదిగా తోస్తుంది.

ఈ జీవితచరిత్ర రాయడానికి ఒక మనిషి తన ఆయుష్షంతా పెట్టారు. ఆయన డేవిడ్ హాప్‌వుడ్. 1954లో కేంబ్రిడ్జిలో విద్యార్థిగా స్ట్రెప్టోమైసిస్ కోలికలర్‌ను పట్టుకుని, గ్లాస్గో మీదుగా 1968లో నార్విచ్‌లోని జాన్ ఇన్స్ సంస్థకు చేరారు. ఆ జీవి తయారుచేసే నీలి రంగు యాంటీబయాటిక్ ఏ రోగికీ మందుగా పనికిరాలేదు. అయినా వదల్లేదు. నూగు రాని రకాలను, నూగు వచ్చి తెల్లగానే మిగిలిపోయే రకాలను ఆయన బృందం ఒక్కొక్కటిగా ఏరింది. నూగు రానివాటిలో చాలా రకాలు యాంటీబయాటిక్‌నూ చేయలేకపోయాయి. ఎదగడానికీ మందు చేయడానికీ తాళంచెవి ఒకటేనన్నమాట!

అలాంటి తాళంచెవి ఒకటి 1987లో అదే సంస్థలోని కీత్ చేటర్ బృందానికి దొరికింది. బీఎల్‌డీఏ అనే ఆ జన్యువు ప్రోటీన్ తయారీలో అరుదుగా వచ్చే ఒక సంకేతాన్ని చదవడానికి కావలసిన చిన్న ఆర్‌ఎన్‌ఏను ఇస్తుంది. రోజువారీ పెరుగుదలకు ఆ సంకేతం అక్కర్లేదు. గాలి తంతువులకు, నీలి పదార్థానికి ఆజ్ఞలిచ్చే జన్యువుల్లో మాత్రం అది ఉంది. అందుకే ఆ జన్యువు పాడైన జీవి కింద చక్కగా పెరుగుతూనే, పైకి లేవలేక, మందూ చేయలేక ఉండిపోతుంది.

చెరకు ప్రాంతంలో నిలబడి చక్కెర సంగతి చెప్పకుండా ఎలా? నిజాంసాగర్ నీళ్లతో, 1937లో శక్కర్‌నగర్‌లో మొదలైన నిజాం షుగర్ ఫ్యాక్టరీతో బతికిన నేల ఇది. ఆ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడ్డ బాధ ఈ సభలో చాలామందికి ఇంకా పచ్చిగానే ఉంది. మన చెరకు చక్కెరను కోలికలర్ ఆహారంగా వాడుకోదు. అయినా హాప్‌వుడ్ ప్రయోగశాలలో దాని వాడకం చాలా ఎక్కువ. కొత్త డీఎన్‌ఏ ఎక్కించడానికి ఈ జీవి కణాల గోడ ఒలిచేస్తారు. గోడలేని కణం మామూలు నీళ్లలో పగిలిపోతుంది. లీటరుకు 103 గ్రాముల చక్కెర కలిపిన మాధ్యమంలో అది నిలిచి, మళ్లీ గోడ కట్టుకుంటుంది. గ్లూకోజ్ కథ వేరు. అది సమృద్ధిగా ఉన్నంతసేపు చాలా రకాలు మందు చేయడం వాయిదా వేస్తాయి. అందుకే యాంటీబయాటిక్ ఫ్యాక్టరీలో పీపాలోకి గ్లూకోజ్ ఒక్కసారి కుమ్మరించరు, కొంచెం కొంచెంగా వదులుతారు.

ఈ మట్టి మందుల విలువ తెలిసిన చోటు మన పక్కనే ఉంది, డిచ్‌పల్లి. ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జ్ కెర్ 1915లో అక్కడ కుష్ఠు ఆసుపత్రి నెలకొల్పారు. డాక్టరమ్మ కాలంలో ఉన్న ఆధారం హిడ్నోకార్పస్ గింజల నూనె సూదులు. నొప్పి ఎక్కువ, ఫలితం అరకొర. కుష్ఠు బాక్టీరియాను గట్టిగా దెబ్బతీసిన రిఫాంపిసిన్‌కు మూలం కూడా మట్టి తంతుజీవే. 1957లో ఫ్రాన్స్ సముద్రతీరంలోని సెయింట్ రాఫాయెల్ దగ్గర తీసిన మట్టిలోంచి, మిలాన్‌లోని లెపెటిట్ ప్రయోగశాల దాన్ని వేరు చేసింది. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన బహుళ ఔషధ చికిత్సలో నెలకొకసారి 600 మిల్లీగ్రాముల రిఫాంపిసిన్ చేరింది. ఒంట్లోని సజీవ కుష్ఠు బాక్టీరియాలో నూటికి 99కి పైగా మొదటి మోతాదుకే చస్తాయి. వెలివేతకు గురైన మనుషులు ఇళ్లకు తిరిగి వెళ్లగలిగారు.

2002లో కోలికలర్ జన్యుపటం పూర్తిగా అచ్చయింది. 86 లక్షలకు పైగా అక్షరాలు, 7,825 జన్యువులు. అరవై ఏళ్ల వేటగాళ్లు ఈ కోవకు చెందిన జీవుల్లో ఎంత వదిలేశారో అప్పుడు తెలిసింది. కోలికలర్ చేసే యాంటీబయాటిక్‌లు అప్పటికి వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. ఇలాంటి ప్రత్యేక పదార్థాల తయారీకి జన్యువుల గుంపులు మాత్రం ఇరవైకి పైగా కనిపించాయి. వాటిలో ఎన్నో పళ్లెంలో మౌనంగా ఉండిపోతాయి. వాటిని పలికించాలంటే ఆ జీవికి ఏ ఆకలి, ఏ పొరుగు, ఏ దశ కావాలో తెలియాలి. పనికిరాని పరిశోధన అనిపించినదే ఇప్పుడు దారి చూపుతోంది.

డిగ్రీ కాలేజీల అధ్యాపకులకు నా విన్నపం. బోధన్ చెరకు మడిలోంచి, ఆర్మూరు పసుపు చేనులోంచి మట్టి తెప్పించండి. నీడన ఆరబెట్టి, స్టార్చ్ కేసిన్ అగర్ మీద చల్లి, 28 డిగ్రీల దగ్గర ఉంచండి. రెండో రోజుకే మామూలు బాక్టీరియా నిండిందని పళ్లెం కడిగేయకండి. ఈ జీవులు నూగు వేసి రంగు తేలడానికి వారం, రెండు వారాలు పడుతుంది. పిల్లల చేత రోజూ బొమ్మ గీయించండి. ఏ రోజు నూగు వచ్చింది, ఏ రోజు రంగు వచ్చింది, పక్క బాక్టీరియా ఏ రోజు వెనక్కి తగ్గింది, మట్టి ఏ మడిది, అందులో కిందటేడు ఏ పంట ఉంది, అన్నీ తేదీలతో రాయించండి. నూగు రాని మొండి రకం ఒకటి కనిపిస్తే దాన్ని వేరే గొట్టంలో భద్రపరచండి.