బాలికలు – బడిలోని కంప్యూటరు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేయబడిన ప్రసంగ పాఠము)



గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన శుభసమయమున పుస్తకమును గూర్చి ప్రసంగించుట ఆచారము. అయితే నేటి బడిలో పుస్తకము సరసన మరియొక వస్తువు చేరినది. అది కంప్యూటరు, టాబు, చేతిఫోను దాని తోబుట్టువులు. పుస్తకము విషయమున ఒకప్పుడు ఆడపిల్లకు జరిగిన అన్యాయము ఈ వస్తువు విషయమున మరల జరుగుచున్నదా అనునదే నేటి ప్రసంగ విషయము.

1874వ సంవత్సరమున కందుకూరి వీరేశలింగం పంతులుగారు ధవళేశ్వరమున బాలికా పాఠశాలను స్థాపించిరి. ఆడది అక్షరములు నేర్చినచో చాటుగా ఉత్తరములు వ్రాసి చెడిపోవునని భయపడినవారు ఆ కాలమున పెక్కుమంది. ఆ భయము నేడు నవ్వు పుట్టించును. కాని ఆడపిల్ల చేతికి ఫోను వచ్చిన చెడిపోవునను మాట రచ్చబండలయొద్ద నేటికిని వినవచ్చుచునే యున్నది. ఆలస్యముగా వచ్చిన చదువు కొరత త్వరగా తీరదు. 2011 జనాభా లెక్కలనాటికి ఉమ్మడి అనంతపురం జిల్లాలో అక్షరాస్యులు పురుషులలో నూటికి 73 మంది కాగా, స్త్రీలలో 54 మంది మాత్రమే.

యంత్రము విషయమున అంతరము ఇంకను పెద్దది. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము ఆంధ్రప్రదేశమున ఎన్నడైనను ఇంటర్నెట్టు వాడిన స్త్రీలు నూటికి 21 మంది. పురుషులు 49 మంది. 2023లో దేశమునందలి 28 జిల్లాల గ్రామములలో 14 మొదలు 18 ఏండ్ల వారిని గూర్చి ‘అసర్’ సర్వే జరిగినది. స్మార్టుఫోను వాడ నేర్చిన వారిలోనే, సొంత ఫోను గలవారు బాలురలో నూటికి 44 మంది, బాలికలలో 20 మంది.

బడిలోని దృశ్యమును ఉపాధ్యాయులెరుగుదురు. యంత్రమొకటి, పిల్లలు పదిమంది. ఇంట ఫోను త్రిప్పి అలవాటైన బాలుడు ముందు కుర్చీలో కూర్చుండును. బాలిక వెనుక నిలిచి, తెరపై కనబడినదానిని నోటుపుస్తకమున వ్రాసికొనును. పరీక్షలో ఆమెకు మంచి మార్కులు రావచ్చును; వ్రేళ్లకు మాత్రము విద్య అంటదు.

2022 డిసెంబరు 21న రాష్ట్ర ప్రభుత్వము 8వ తరగతి పిల్లలకు టాబుల పంపిణీ ప్రారంభించినది. అందులో ఆడ, మగ భేదము లేదు. అయినను యంత్రము ఇచ్చుట ఒక పని, అది ఆమె చేతిలో నిలుచునట్లు చూచుట మరియొక పని. రెండవది సర్కారు చేయలేదు, ఇల్లు చేయవలెను.

ఆడపిల్లలకు యంత్రములపై సహజముగా ఆసక్తి లేదని కొందరందురు. 1946లో అమెరికాలో లోకమునకు చూపబడిన ‘ఎనియాక్’ అను మహాయంత్రమునకు లెక్కలు చేయు క్రమమును కూర్చినవారు ఆరుగురు స్త్రీలు. పిమ్మట ఇండ్లలోనికి చిన్న కంప్యూటర్లు వచ్చినప్పుడు అవి ఎక్కువగా కొడుకుల గదులను చేరెను. పిట్స్‌బర్గులోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున 1995లో కంప్యూటరు శాస్త్రమున చేరిన విద్యార్థులలో స్త్రీలు నూటికి 7 మంది. ముందే అలవాటున్నవారికే పెద్దపీట వేయు పద్ధతిని మార్చి, క్రొత్తవారికి తగిన పాఠములు ఏర్పరచగా, 2000 నాటికి వారు 42 మందియైరి. ఐదేండ్లలో స్త్రీ స్వభావము మారలేదు; అవకాశము మారినది.

కంబదూరు సీమకు ఈ మాట మరింత అవసరము. వానను నమ్మి వేరుసెనగ వేయు మెట్టనేల ఇది. వాన తప్పిన ఏట బెంగుళూరికి వలసపోవుట ఈ ప్రాంతమున తెలియని విషయము కాదు. తండ్రితో ఫోను పోవును. ఇంట మరియొకటున్నను అది అన్న చేతికి చేరును. చెల్లెలికి బిందెయు, పసిపిల్లవాడును మిగులుదురు. నేడు ఉపకారవేతనపు దరఖాస్తు, కళాశాల ప్రవేశము, పరీక్షా ఫలితము అన్నియు యంత్రము ద్వారానే నడుచుచున్నవి. గడువు దాటిన దరఖాస్తు ఒక ఆడపిల్ల చదువునకు ముగింపు కావచ్చును. చదువు ఆగిన ఇంట పెండ్లిమాట త్వరగా వచ్చును. పై కుటుంబ ఆరోగ్య సర్వేలోనే, ఈ రాష్ట్రమున 20–24 ఏండ్ల స్త్రీలలో నూటికి 29 మందికి 18 నిండకముందే వివాహమైనట్లు తేలినది.

ఫోనువలన కీడు లేదని ఎవ్వరును అనరు. మోసగాండ్లును, వేధించువారును అందు గలరు. బావి లోతైనదని బిడ్డను నీళ్లు చేదనీయకుందురా? కాలు నిలుపుకొని త్రాడు పట్టుట నేర్పుదురు. ఆ జాగ్రత్త కొడుకునకును నేర్పవలసినదే. వేధించువాడు కూడ ఒక ఇంటి కొడుకే గదా!

చేయదగిన పనులు కొన్ని గలవు. బడిలో యంత్రము వంతులు పేరు పేరున వ్రాసి గోడకు అంటించవలెను. ఎవరి వంతున వారి చేయియే మీటలపై ఉండవలెను. తాళపుచెవి బాధ్యత ఒక వారము బాలునికి, ఒక వారము బాలికకు అప్పగింపవలెను. ఇంట సాయంకాలము అరగంట ఫోను కూతురిదని తండ్రి నోట రావలెను. గ్రంథాలయమున ఒక కంప్యూటరును సమకూర్చి, ప్రొద్దు గ్రుంకకముందు ఒక గంట బాలికలకే కేటాయించి, ఊరిలోని చదువుకొన్న ఒక స్త్రీని దగ్గరనుంచవలెను. తల్లులును వచ్చి కూర్చుండవచ్చును.

ఇది గ్రంథాలయమునకు పరాయి పని కాదు. 1914లో బెజవాడలో అయ్యంకి వెంకటరమణయ్యగారు మొదలగువారు ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘమును నెలకొల్పిరి. ఒక ఇల్లు కొనలేని పుస్తకమును ఊరంతయు కలిసి కొని అందరికిని ఇచ్చుట గ్రంథాలయ ధర్మము. ఇరువదియైదేండ్లుగా ఇచ్చట ఆ ధర్మము నడచినది. బీరువా తాళము తీసిన చేతులే యంత్రపు గది తాళమును తీయవలెను. స్వర్ణోత్సవమునాడు ఈ వేదికపై లెక్కలు చదువు కార్యదర్శి, నేడు వెనుక వరుసలో నిలిచిన బాలికలలో ఒకతె యగుగాక!