పనివాని స్వరాజ్యము
(ఏటికొప్పాకలో చదివిన ప్రసంగ పాఠము)



వరాహనది యొడ్డుననున్న ఈ యేటికొప్పాకకు వచ్చినవారెల్లరు లక్కబొమ్మల సొగసును మెచ్చుకొని పోవుదురు. మేము నేడు బొమ్మనుగూర్చి గాక, దానిని చేయువానినిగూర్చి ముచ్చటింప వచ్చితిమి. పనివానికి తృప్తి దేనివలన గలుగును? కూలివలననా, పనిపై దనకుగల యధికారమువలననా?

తరిమెనకడ గూర్చున్న పనివానిని జూడుడు. అంకుడు కొయ్యను బిగించి ఉలితో రూపు దీర్చును. తిరుగుచున్న కొయ్యకు లక్కను ఒత్తగా, రాపిడి వేడికి లక్క కరగి యంతట వ్యాపించును. పిమ్మట మొగలి యాకుతో మెఱుగు పెట్టును. ఎంత చెక్కవలయునో, ఎచ్చట నాపవలయునో యాతని చేయియే నిర్ణయించును. పూర్తియైన బొమ్మను జూచి “ఇది నా పని” యని యాతడు చెప్పుకొనగలడు. దినమంతయు నొకే మరను బిగించు కర్మాగారపు కూలివానికి ఈ మాట చెప్పుకొను నవకాశము లేదు.

ఇది మనస్సునకు సంబంధించిన సంగతి మాత్రమే కాదు. బ్రిటిష్ ప్రభుత్వోద్యోగులపై జరిగిన వైట్‌హాల్ పరిశోధన ఫలితములు 1997లో వెలువడినవి. తమ పనిపై దమకు అధికారము తక్కువగా నున్నవారియందు హృద్రోగము హెచ్చుగా గాన్పించినదని అందు దేలినది. అస్వతంత్రత దేహమును గూడ దినివేయునన్నమాట.

స్వతంత్రముగా బనిచేయు చేయి క్రొత్తదారిని గూడ వెదకుకొనును. రసాయనపు రంగులు ప్రబలిన పిమ్మట, ఈ గ్రామమునకు జెందిన శ్రీ సి. వి. రాజుగారు పనివారితో గూడి పసుపు, నీలిమందు, జాఫరా గింజలు మొదలగువానినుండి రంగులు దీయు విధానమును నిలువబెట్టిరి. 2017లో ఈ బొమ్మలకు భౌగోళిక గుర్తింపును, 2023లో రాజుగారికి పద్మశ్రీయు లభించినవి.

అయినను ఒక సత్యమును దాచరాదు. ఉలిపై నధికారముండియు, కొయ్యపైనను ధరపైనను లేనిచో నాతని స్వరాజ్యము సగమే. కొయ్యకై యొకరిని, అమ్మకమునకై మఱియొకరిని ప్రాధేయపడువాడు స్వతంత్రుడెట్లగును? నెలజీతమునకై అచ్యుతాపురపు కర్మాగారములకు బోవు యువకుని మనము నిందింపరాదు. కడుపు నిండని స్వాతంత్ర్యము తరతరములు నిలువదు.

దారి మనకు దెలియనిది కాదు. 1933లోనే సహకార పద్ధతిపై చక్కెర కర్మాగారమునకు బూనుకొన్న గ్రామమిది. చెఱకు రైతులు కలసి చేసిన దానిని బొమ్మల పనివారేల చేయరాదు? బంజరులలో అంకుడు చెట్లు నాటవలెను. ఆ కొయ్య పనివారి సంఘముయొక్క అధీనమున నుండవలెను. ధర నిర్ణయించు సభలో ఉలి పట్టినవాడే పెద్దగా గూర్చుండవలెను. కొనువారమైన మనము గూడ బేరమాడుటకు ముందు, ఈ సొమ్ములో చేసినవానికి జేరుచున్నదెంత యని యడుగుట నేర్చుకొనవలెను.

దేశమునకు స్వరాజ్యము 1947లో వచ్చినది. అది తరిమెనకడకు జేరువఱకు మన పని ముగియలేదని మనవి చేయుచు విరమించుచున్నాము.