అవటు గ్రంథి శోథ – పీయూష గ్రంథి వైఫల్యము
(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



నేను వైద్యుడను కాను. చరిత్ర చదివి, సచివాలయమున దస్త్రములతో కాలము గడుపుచున్నవాడను. అయినను ఈ విషయము చెప్పుటకు నిలుచుటకు కారణము మా మరదలు.

రెండవ కాన్పు తరువాత ఆమెకు పాలు పడలేదు. నెలలు గడచినను నెలసరి తిరిగి రాలేదు. మండు వేసవిలోను చలి యనెడిది. నాలుగు మెట్లు ఎక్కలేకపోయెడిది. "బాలింత నీరసము, అదే తగ్గును" అని పెద్దలనిరి. మేమును నమ్మితిమి.

మెదడు అడుగున బఠాణీ గింజంత పీయూష గ్రంథి యున్నది. అది కేంద్ర సచివాలయము వంటిది. కంఠమున నున్న అవటు గ్రంథి, అనగా థైరాయిడ్, జిల్లా కార్యాలయము వంటిది. జిల్లాలో పని మందగించినచో కేంద్రమునుండి తాకీదు మీద తాకీదు వెళ్లును. రక్తపరీక్షలో చూచు టి.ఎస్.హెచ్. ఆ తాకీదే. కావుననే అవటు గ్రంథి తాను చెడినపుడు టి.ఎస్.హెచ్. పెరుగును. మరి కేంద్ర కార్యాలయమే మూతపడినచో? జిల్లాలో పని నిలిచిపోవును, తాకీదులు మాత్రము రావు. తాకీదులు లేవు గనుక అంతయు సవ్యమే యనుకొనుట ఎంత పొరపాటో ఈ సభలోని వారికి వేరుగా చెప్పనక్కరలేదు.

శరీరమును కాపాడవలసిన కణములే అవటు గ్రంథిపై దాడి చేయు శోథ యొకటి గలదు. దానిని 1912లో జపాను వైద్యుడు హషిమోటో వర్ణించెను. 1962లో గౌడీ, పింకర్టన్ అను వైద్యులు, కాన్పు తరువాత కొంతకాలమునకు మరణించిన 22 ఏండ్ల యువతిలో ఆ శోథతోపాటు పీయూష గ్రంథిలోను అట్టి శోథయే యుండుట గుర్తించి ప్రకటించిరి. ఈ జంట వ్యాధి అరుదు. పీయూష గ్రంథి శోథ స్త్రీలలో గర్భము చివరి నెలలందును, కాన్పైన కొత్తలోను ఎక్కువగా కన్పట్టును.

మా మరదలికి రెండును కలిసి వచ్చినవి. అవటు గ్రంథి హార్మోను తక్కువ, టి.ఎస్.హెచ్. మామూలే. మొదట చూచిన వైద్యులు థైరాక్సిన్ మాత్రలిచ్చిరి. కొలది దినములకే వాంతులు మొదలై, ఆమె కళ్లు తిరిగి పడిపోయినది. మరియొక వైద్యురాలు అడిగిన మొదటి ప్రశ్న: "అమ్మా, బిడ్డకు పాలు పడినవా?" ఆ ప్రశ్నతో చిక్కు విడినది. ఉదయపు కార్టిసాల్ పరీక్షయు, ఎం.ఆర్.ఐ.యు మిగిలిన సంగతి తెలిపినవి. పీయూష గ్రంథి మూగవోయినందున, మూత్రపిండములపై నున్న అధివృక్క గ్రంథులకును ఆజ్ఞలు అందుట లేదు. కార్టిసాల్ కొరవడిన దేహమునకు థైరాక్సిన్ ముందుగా ఇచ్చినచో, ఉన్న కొంచెము కార్టిసాల్ త్వరగా ఖర్చగును, ప్రాణాపాయము కలుగవచ్చును. కావున ముందు హైడ్రోకార్టిసోన్, తరువాతనే థైరాక్సిన్. ఈ క్రమము తప్పరాదు.

నేడామె ఇంటి పనులు, పిల్లల చదువులు చూచుకొనుచున్నది. మాత్ర ఒక్కపూటయు మానదు. జ్వరము వచ్చినచో వైద్యులు చెప్పియుంచిన ప్రకారము మోతాదు పెంచుకొనును. తన వ్యాధి పేరు వ్రాసిన చీటీ ఎల్లప్పుడు చేతిసంచిలో నుంచుకొనును.

మిత్రులారా! మీ యింట కాన్పైన స్త్రీ పాలు పడలేదన్నను, నెలసరి రాలేదన్నను, తల తిరుగుచున్నదన్నను, "బాలింత నీరసము" అని వ్రాసి ఆ దస్త్రమును మూసివేయకుడు. వైద్యునికి ఆ మాటలన్నియు చెప్పుడు.

ఈ సంగతి సభలో చెప్పుమని నన్ను కోరినది ఆమెయే. సెలవు.