మిషన్ ఆగి మనిషిని అడిగే చోటు



కార్యదర్శిగారు నన్ను "సాఫ్ట్‌వేర్ టెస్టింగు మీద మన పిల్లలకు పనికొచ్చేలా ఓ పావుగంట చెప్పండి" అన్నారు. పిల్లలు బెంగుళూరులో, హైదరాబాదులో చేస్తున్నది అదే పని. వాళ్లకు నాకన్నా బాగా తెలుసు. అందుకని ఆఫీసులో కూర్చుని పనిచేసేవారికి అంతగా ఎదురుపడని ఒక చిన్న సంగతి తీసుకుంటాను. పరీక్షను ప్రోగ్రామే నడుపుతూ ఉంటుంది. మధ్యలో ఒకచోట ఆగి, మనిషిని ఓ పని చెయ్యమంటుంది. ఆ ఆగినచోట ఏం జరుగుతుందన్నదే నా విషయం.

నేను వైమానిక దళంలో ఎలక్ట్రానిక్ పరికరాలను పరీక్షించే బెంచీ మీద చాలాకాలం పనిచేశాను. కార్డును బెంచీకి తగిలిస్తే ప్రోగ్రాం వరసగా వోల్టేజీలు కొలుచుకుంటూ పోతుంది. అయితే కొన్ని పనులు దాని చేతిలో ఉండవు. స్విచ్చి తిప్పాలి, కేబుల్ మార్చాలి, దీపం ఏ రంగులో వెలిగిందో చూడాలి. అప్పుడు తెర మీద సూచన వస్తుంది. మనం బటను నొక్కేదాకా ప్రోగ్రాం కదలదు. మొదటి నాలుగుసార్లు ఎవరైనా శ్రద్ధగానే చూస్తారు. నలభయ్యోసారికి తెర మీద "అయిందా?" అన్న మాట రాకముందే వేలు బటను మీద ఉంటుంది! అదే "ఏ రంగు కనబడింది?" అని అడిగి, రంగు పేరు టైపు చెయ్యమంటే మాత్రం తల ఎత్తి చూడాల్సిందే కదండీ.

ఇక మన ఖరగ్‌పూర్ సంగతికి వద్దాం. బెంగాల్ నాగపూర్ రైల్వే నాటి నుంచి మనవాళ్లు ఇక్కడ వర్క్‌షాపులో, యార్డులో, కేబిన్లలో పనిచేశారు. పాయింట్ సరిగా పడి, గట్టిగా బిగుసుకుంటేనే సిగ్నల్ పచ్చబడాలన్న సూత్రం ఈ ఊరి పిల్లలకు అన్నంతోపాటు తినిపించినట్టే. 2017 నవంబరులో ఈ స్టేషన్ కంప్యూటర్ ఇంటర్‌లాకింగుకు మారింది. 800 రూట్లు అని రైల్వేవారు అప్పట్లో ప్రకటించారు. ఏ రూటు వేస్తే ఏ పాయింట్ ఎటు ఉండాలో, ఏ సిగ్నల్ ఎర్రగా ఉండాలో పట్టిక ఉంటుంది. సిమ్యులేటరు పెట్టి ఆ పట్టికనంతా లోపలే పరీక్షించవచ్చు. కానీ యార్డులో పాయింట్ నిజంగా ఎటు పడిందో పట్టికకు తెలియదు. దానికి ఒక మనిషి పట్టాల పక్కన నిలబడాలి. పానెల్ దగ్గరివారు పాయింట్ తిప్పి "ఎటు పడింది?" అని ఫోనులో అడుగుతారు. ఆయన చూసి చెబుతాడు, అప్పుడు టిక్కు పెడతారు. దీన్నే కరెస్పాండెన్స్ టెస్ట్ అంటారు. ఎండలో, వానలో, బళ్ల మధ్య చేసే పని, ఎవరికైనా విసుగే.

2023 జూన్ 2 సాయంత్రం ఏం జరిగిందో ఈ హాల్లో అందరికీ తెలుసు. బహానగా బజార్ మన ఖరగ్‌పూర్ డివిజన్‌లోదే. కోరమాండల్‌లో విశాఖకో విజయవాడకో వెళ్లని కుటుంబం ఇక్కడ ఉండదనుకుంటాను. ఆ బండికి మెయిన్ లైనుకు పచ్చ సిగ్నల్ వచ్చింది, పాయింట్ మాత్రం లూప్ లైనుకు ఉంది. లూప్‌లో గూడ్సు నిలిచి ఉంది. 290 మందికి పైగా ప్రాణాలు పోయాయి. రైల్వే భద్రతా కమిషనర్ విచారణలో తేలింది ఇది: 2018లో ఉత్తరం వైపు గూమ్టీ దగ్గర సర్క్యూట్ మార్చినప్పటి లోపాలు, ఆ రోజు 94వ నంబరు గేటు బారియర్ మార్పిడి కోసం చేసిన పనిలోని లోపాలు. 2022 మే 16న ఇదే డివిజన్‌లో బాంక్రానయాబాజ్ స్టేషన్లో కూడా తప్పు వైరింగు వల్ల సిగ్నల్ చూపిన దారి ఒకటి, బండి పోయిన దారి ఒకటి అయింది.

ఇందులో లాజిక్ తప్పు చెయ్యలేదు. "పాయింట్ నేరుగా ఉంది" అని వైరు చెప్పింది, అది నమ్మింది. ఆ వైరు ద్వారా మీరు వెయ్యి ఆటోమాటిక్ పరీక్షలు నడపండి, వెయ్యిసార్లూ అదే జవాబు వస్తుంది. వైరును దాటి చూడగలిగేది కన్ను ఒక్కటే. అందుకే, కెమెరాతోనో సెన్సారుతోనో మనిషిని పూర్తిగా తప్పించవచ్చు కదా అని కుర్రాళ్లు అంటే, సగమే ఒప్పుకుంటాను. సెన్సారుకూ ఓ వైరు ఉంటుంది మరి.

పిల్లలకు నేను చెప్పేది పనిముట్ల సంగతే. పైథాన్‌లో ఒక్క ఇన్‌పుట్ లైను రాస్తే ప్రోగ్రాం ఆగుతుంది, నిజమే. పైటెస్ట్‌తో నడిపితే కీబోర్డు దారి మూసి ఉంటుంది గనుక అక్కడే తప్పు చూపిస్తుంది, దాన్ని తెరిచి నడపాలి. మనిషి అవసరమైన పరీక్షలకు గుర్తు పెట్టి వేరు చెయ్యండి, లేకపోతే రాత్రి నడిపే వరుస ఒంటిగంటకు ఆగి తెల్లారేదాకా అలాగే కూర్చుంటుంది. గడువు దాటితే "పాస్" అని మాత్రం రాయించకండి, "చూడలేదు" అని రాయించండి. "చెయ్యలేకపోయాను" అన్న బటను కూడా ఉండాలి, లేకపోతే పాపం ఆయన అబద్ధం నొక్కుతాడు. ఎదురుచూసేటప్పుడు బెంచీలో కరెంటు ఎంత ఉండాలో ముందే తేల్చండి, చెయ్యి పెట్టేది మనిషి. ఎవరు చూశారు, ఎన్నింటికి చూశారు, ఏమని చెప్పారు అన్నవి మూడూ లాగ్‌లో పడాలి.

కార్యదర్శిగారు గడియారం చూపిస్తున్నారు. తెర మీద ప్రశ్న ఎలా రాయాలో నాలుగైదు నమూనాలు కాగితం మీద తెచ్చాను. కావలసినవారు భోజనాల దగ్గర నన్నడిగి తీసుకోండి.