ఉప్పుకాగితం అంకెలు
(స్వర్ణోత్సవ సభలో పూర్వ విద్యార్థిని, విశ్రాంత ఉపాధ్యాయిని ఒకరు చేసిన ప్రసంగ పాఠం)

‘మీ అనుభవాలు చెప్పండక్కా’ అని పిలిచారు. ఈ బడి నుంచి వెళ్ళి, మైపాడు వైపు సముద్రం పక్క పల్లెల్లో ఏళ్ళ తరబడి ఒకటో తరగతికి చెప్పాను. అంకెల సంగతే నాకు బాగా తెలుసు. అదే చెబుతాను.

ఒకరోజు బోర్డు మీద 30, 100 రాసి ఏది పెద్దదని అడిగాను. ఒక పిల్లవాడు లేచి ‘ముప్పయ్యే పెద్దది టీచర్’ అన్నాడు. తప్పురా, కూర్చో అన్నాను. వాళ్ళ నాయన రొయ్యల గుంటల దగ్గర పని చేస్తాడు. కిలోకి ముప్పై తూగితే ముప్పై కౌంటు, వంద తూగితే వంద కౌంటు. ముప్పై కౌంటు రొయ్యే పెద్దది, రేటూ దానికే ఎక్కువ. నెల్లూరు జిల్లాలో పుట్టి నాకు ఆ పూట అది తట్టలేదు! అంత తెలిసిన పిల్లవాడు పలక మీద 3ని మాత్రం ఎప్పుడూ తిరగేసి రాసేవాడు. నేను చెరిపించి మళ్ళీ రాయించేదాన్ని. కొన్నాళ్ళకు బడి ఎగ్గొట్టి గుంటల వైపు పోవడం మొదలుపెట్టాడు.

అప్పుడు ఉప్పుకాగితం పట్టుకున్నాను. ఇది నా తెలివి కాదు. మరియా మాంటిస్సోరి గారు 1939లో, 69 ఏళ్ళ వయసులో, మద్రాసు వచ్చి అడయారులో టీచర్లకు శిక్షణ ఇచ్చారు. గరుకు కాగితం అంకెల మీద పిల్లలు వేలితో దిద్దడం ఆవిడ పద్ధతుల్లో ఒకటి. అంతకు ముందే మన వీధిబడుల్లో ఇసుకలో దిద్దించేవారు. మద్రాసు ఎగ్మూరులో అనాథ బాలుర బడి నడిపిన ఆండ్రూ బెల్ అది చూసి తన బడిలోనూ పెట్టాడు. తన పద్ధతి గురించి 1797లో లండన్‌లో పుస్తకం అచ్చువేశాడు.

ఇసుకంటే మనకేం కొదవ అని నేనూ ముందు సముద్రపు ఇసుకే తెచ్చి, మైదాపిండి జిగురుతో అట్టల మీద అంటించాను. ఇసుకలో ఉప్పుంది కదా, వానాకాలం గాలికి చెమ్మగిల్లి రాలిపోయింది. మిగిలిన మైదాను ఎలుకలు చూసుకున్నాయి. ఇసుకను మంచినీళ్ళతో రెండుమూడుసార్లు కడిగి ఎండబెట్టాలని తర్వాత తెలిసింది. అప్పటికే వడ్రంగి దగ్గర ఉప్పుకాగితం అడిగి తెచ్చేశాను. మరీ గరుకుది వద్దు, పసివేళ్ళు గీసుకుపోతాయి. కాగితం వెనకవైపు అంకె గీసి కత్తిరించి, ముందుకు తిప్పి చూస్తే 3 తిరగబడి ఉంది. ఆ పిల్లవాడి 3 లాగే! వాడికి చూపించాను. పగలబడి నవ్వాడు. వెనకవైపు గీసేటప్పుడు అంకెను తిరగేసి గీయాలని ఆ రోజే నేర్చుకున్నాను.

చూపుడువేలు, నడిమివేలు కలిపి, రాసే దారిలోనే, పేరు పలుకుతూ దిద్దాలి. 6, 9 కలవకుండా అట్ట అడుగున ఒక దారం అంటించాలి. వాడు కళ్ళు మూసుకుని 3 పట్టుకున్న రోజు తరగతంతా గోల. చూపు సరిగా ఆనని పాప ఒకతె మాత్రం అందరికంటే ముందే పది అట్టలూ పట్టేసింది.

వేలికి ఆకారం వస్తే చాలదు, ఎన్ని అన్నది చేతికి తెలియాలి. దానికి చీపురు ఈనెలు. పది కొబ్బరి చిప్పల మీద 0 నుంచి 9 దాకా రాసి, 45 ఈనెపుల్లలు ఇస్తే చాలు. లెక్క సరిపోతే పుల్ల మిగలదు, తగ్గదు. తప్పెక్కడో పిల్లలే వెతుక్కుంటారు, టీచరు నోరు నొప్పి పుట్టదు. సున్నా చిప్పలో ఏమీ వేయకూడదని తెలిసేసరికి వాళ్ళ మొహాలు చూడాలి. చింతపిక్కలూ పనికొస్తాయి కానీ, మరీ పసిబిడ్డలున్నచోట వద్దు. నోట్లోనో ముక్కులోనో పెట్టుకుంటారు.

ఇక ఒక తప్పు ఒప్పుకోవాలి. ఒక ఏడాది మా బడికి ప్లాస్టిక్ అంకెలు, పూసల పెట్టె వచ్చింది. స్టాకు రిజిస్టరులో ఎక్కించాం. పోతే ఎవరు కట్టాలని బీరువాలో పెట్టి తాళం వేశాను. బదిలీ అయినప్పుడు ఒక్క పూస తగ్గకుండా అప్పజెప్పాను. నా అట్టలు మాత్రం ఏడాదికి రెండుసార్లు అరిగిపోయేవి, మళ్ళీ చేసుకునేవాళ్ళం.

మన సంఘం స్వర్ణోత్సవ నిధితో ప్రహరీ పక్కనున్న ప్రాథమిక పాఠశాలకు సామాను కొనిస్తుందని విన్నాను. కొనండి. కానీ పోయినా, విరిగినా టీచరును అడగబోమని ఒక కాగితం మీద రాసి, సంతకం పెట్టి ఇవ్వండి. ఇంకొకటి, వచ్చే రెండో శనివారం పొద్దున్నే అక్కడ అట్టలు చేద్దామనుకుంటున్నాం. పెళ్ళిపత్రికలు, పాత అట్టపెట్టెలు ఉంటే తీసుకురండి. కత్తెర్లు కూడా మీరే తెచ్చుకోండి. బడిలో ఉన్నది ఒక్కటే, అదీ మొండిది.