తుంటి నొప్పి – చిన్న రంధ్రాల ఆపరేషన్
(ఆరోగ్య అవగాహన సదస్సులో ఒక వైద్యుని ప్రసంగ పాఠం)



మన ప్రాంతంలో ఎముకకు ఏమైనా అయితే ముందు గుర్తుకు వచ్చేది పుత్తూరు కట్టు. కానీ ఈరోజు నేను చెప్పే నొప్పిలో ఎముక విరగదు. పాలు పిండడానికి గొంతుక్కూర్చున్నప్పుడు, బాసింపట్టు వేసుకున్నప్పుడు, బస్సు దిగేటప్పుడు గజ్జలో పొడిచినట్లు ఉంటుంది. ఒక్కోసారి తుంటి టక్కుమని పట్టేస్తుంది. పైన ఎంత గట్టిగా కట్టు కట్టినా లోపలి చీలిక మానదు.

తుంటి కీలు గిన్నెలో బంతి వంటిది. గిన్నె అంచు చుట్టూ వాషర్ లాంటి మెత్తని పట్టీ ఉంటుంది. దీనిని లేబ్రమ్ అంటారు. కొందరికి బంతి దగ్గరో, గిన్నె అంచునో ఎముక కాస్త ఎక్కువగా ఉంటుంది. కాలు మడిచినప్పుడల్లా అది ఒరుసుకుని లేబ్రమ్ చీలుతుంది. ఈ ఒరిపిడి కీలు అరుగుదలకు కారణం కావచ్చని స్విట్జర్లాండ్ వైద్యుడు రైన్‌హోల్డ్ గాంజ్ బృందం 2003లో వివరించింది.

దీనికి చేసేదే తుంటి ఆర్థ్రోస్కోపీ. మత్తు ఇచ్చి, ప్రత్యేకమైన బల్లపై కాలును లాగి, కీలులో సుమారు ఒక సెంటీమీటరు ఖాళీ చేస్తారు. రెండు మూడు చిన్న రంధ్రాల గుండా కెమెరా, పరికరాలు పంపి చీలికను కుట్టి, అదనపు ఎముకను చెక్కుతారు. తరువాత కొన్ని వారాలు చంకకర్రలు, కొన్ని నెలలు వ్యాయామం తప్పవు. కాలు లాగడం వలన కొన్నాళ్లు తిమ్మిరి ఉండవచ్చు. అరుదుగా చీము పట్టడం, రక్తం గడ్డకట్టడం జరుగుతాయి.

ఇది అందరికీ పనికిరాదు. కీలు బాగా అరిగిన వారికి కీలు మార్పిడే మేలు. ఎముక తలకు రక్తం అందక దెబ్బతింటే (ఏవీఎన్) వైద్యం వేరు. నడుము జబ్బు కూడా తుంటి నొప్పిలా కనిపించవచ్చు. కనుక "మంచి సర్జన్ ఎవరు?" అనే ముందు "నా జబ్బు ఏది?" అని తెలుసుకోండి. ఎక్స్‌రే, అవసరమైతే ఎం.ఆర్.ఐ. తీయించుకోండి.

తిరుపతిలో బర్డ్, స్విమ్స్, రుయా ఆస్పత్రులు ఉన్నాయి. చిత్తూరు వారికి వేలూరు సి.ఎం.సి. దగ్గర. ముందు ఎముకల డాక్టరుకు చూపించుకోండి. మోకాలికి కెమెరా ఆపరేషన్ చేసే వారందరూ తుంటికి చేయరు. అందుచేత సర్జన్‌ను ఈ ప్రశ్నలు అడగండి:

1. నా నొప్పికి కారణం ఏమిటి? ఫిల్మ్‌లో చూపించగలరా?
2. ముందు కొన్ని నెలలు మందులు, వ్యాయామం చేసి చూడవచ్చా?
3. తుంటికి ఈ ఆపరేషన్ ఏడాదికి ఎన్ని చేస్తారు?
4. ఎన్నాళ్లు పనికి పోకూడదు? వ్యాయామం నేర్పేది ఎవరు?
5. మొత్తం ఖర్చు ఎంత? 2007లో ఆరోగ్యశ్రీ పేరుతో మొదలైన ప్రభుత్వ పథకం దీనికి వర్తిస్తుందా?

ఇవి అడిగితే మంచి డాక్టరు కోపగించుకోరు. జారిపడి కాలు మోపలేకపోయినా, తుంటి నొప్పితో జ్వరం వచ్చినా ఇవేవీ ఆలోచించవద్దు. ఆ రోజే ఆస్పత్రికి రండి. నొప్పిని ఏళ్ల తరబడి దాచుకోకండి.